కమ్మరి కొలిమియు కర్మాగారమును

మన సభలలో కోనసముద్రపు ఉక్కును స్తుతింపని వక్త అరుదు. నిజామాబాదు జిల్లాలోని ఆ గ్రామపు ఉక్కుముద్దలకై పారశీక వర్తకులు వచ్చెడివారనియు, వోయిసీ అను ఆంగ్లేయుడు కన్నులార చూచి వ్రాసినది 1832లో అచ్చుపడెననియు చెప్పుదురు. చప్పట్లు పడును. 1956 వఱకు కోనసముద్రమును మన సింధనూరును ఒకే హైదరాబాదు రాష్ట్రమునందుండెను గదా యని మనమును ఉప్పొంగుదుము. సభ ముగిసి అంగడికి పోయినపుడు మాత్రము తళుకుజూచి కర్మాగారపు కత్తినే కొందుము. కమ్మరి చేసినది “మోటు” అందుము. ఈ రెండు నాలుకల వైఖరిని నేను ఖండించుచున్నాను.

లండనులో జేమ్సు స్టోడార్టు అను కత్తుల పనివాడుండెను. శస్త్రవైద్యుల పనిముట్లు, మంగలి కత్తులు అతని సరకు. మన దేశపు ఉక్కే ఐరోపా ఉక్కుకన్న మేలని తన వ్యాపారపత్రమునందే అచ్చువేయించుకొనెను. పొగడి ఊరకొన్నాడా? లేదు. మైకేలు ఫారడేతో కూడి ఆ ఉక్కును పరీక్షించి, 1820, 1822 సంవత్సరములలో వ్యాసములు ప్రకటించెను. ఆ ఫారడే కమ్మరి కొడుకు. మన కులాభిమానులు ఈ వాక్యమును రెండుమారులు చదువుకొందురు గాక!

లారీ కమాను పట్టీని మన కమ్మరి కొలిమిలో కాచి, సాగగొట్టి, ఎఱ్ఱగా నుండగనే నూనెలో ముంచును. పిదప సానబట్టి మరల వెచ్చజేయుచు, పైకి తేలు గడ్డిరంగును కనిపెట్టి చటుక్కున ఆపును. ఆ రంగు సుమారు 220, 230 డిగ్రీల సెంటిగ్రేడునకు గుర్తు. కర్మాగారపు ఉష్ణమాపకము చూపునదియు అదియే. ఇంతమాత్రపు భేదమునకు ఒకనికి కుర్చీ, మరియొకనికి అరుగుక్రింద చోటు!

యంత్రము తాకిన వృత్తి మైలపడునను వారును కలరు. వారిది మఱియు చెడ్డ వాదము. కంటి అంచనా మబ్బుపట్టిన నాడు తప్పును, వయసు మళ్ళినపుడు తప్పును. తుప్పుపట్టని కత్తి ఉక్కులో సాధారణముగా నూటికి 13 పాళ్ళ క్రోమియముండును. దానిని గట్టిపరుప వేయి డిగ్రీలకు అటునిటుగా, కొలత తప్పని వేడి కావలెను. బొగ్గు కొలిమికది దుస్సాధ్యము. విద్యుత్ కొలిమి వచ్చినంతమాత్రమున సుత్తి ఎఱిగిన చేయి వ్యర్థము కాదు; అంచు పలుచన ఎంత, వెన్ను మందమెంత యని నిర్ణయించునది ఆ చేయియే.

తుంగభద్ర ఎడమకాలువ క్రింద మన పెద్దలు క్యాంపులు వేసికొన్ననాడు కొడవలి లేక కోత లేదు. నేడు కోతయంత్రములు వచ్చి కొలిమి చల్లారుచున్నది. ఈ ఏటి శాలువల వ్యయముతో మన సంఘము ఒక చిన్న విద్యుత్ కొలిమిని, ఒక ఉష్ణమాపకమును కొని కమ్మరులకు అప్పగించవలెను. వారి పిల్లలలో ఒకనిని లోహశాస్త్రము చదివింపవలెను. అతడు తెలుగువాడా, కన్నడిగుడా యని అడుగవలదు. కత్తిపీటకు పదును పెట్టించుటకు పోయినపుడు మన ఇల్లాండ్రు అడుగుటలేదు.