చదువుకు గంట కొట్టేదెవరు?



జూన్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న తమ బిడ్డల కోసం ప్రార్థించమని చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటున్నారు: "అయ్యగారూ, ఆ ఫోనులో ఆటలు మానేయమని మీరైనా గట్టిగా చెప్పండి." ప్రార్థన తప్పక చేస్తాము. ఆటల మీద కేకలు వేసే ప్రసంగం మాత్రం చేయము. ఎందుకో చెబుతాము, ఓపికగా చదవండి.

దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మన హైదరాబాదులోనే 1982లో మొదలైంది. ఇప్పుడు అది అంబేద్కర్ గారి పేరుతో నడుస్తోంది. 1985లో ఇగ్నో వచ్చింది. కాలేజీకి వెళ్ళే వీలు లేనివారి ఇంటికే కాలేజీ రావాలన్నది వీటి ఉద్దేశం. పగలంతా మందుల షాపులో నిలబడే తమ్ముడు, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక మళ్ళీ పుస్తకం పట్టిన చెల్లెలు, కూలికి వెళ్తూ ఫీజు కట్టుకునే యౌవనస్థుడు చదువుకోగలుగుతున్నారంటే దీనివల్లే. మన ఇళ్ళలో మొదటి డిగ్రీ ఇలాగే వస్తోంది.

అయితే ఇంటర్ దాకా చదువును నడిపింది బడి గంట. గంట కొట్టారు, వెళ్ళారు. హాజరు వేశారు, కూర్చున్నారు. దూరవిద్యలో అవేమీ ఉండవు. పుస్తకాల కట్ట ఇంటికి వస్తుంది, లేదా పీడీఎఫ్ ఫోనులోకి వస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి "చదివావా?" అని అడిగే నాథుడు ఉండడు.

ఆట అలా కాదు. ఈ రోజు లాగిన్ అయితే బహుమతి ఉందంటుంది, రేపటికి పోతుందంటుంది. సీజను ఎన్ని రోజుల్లో ముగుస్తుందో లెక్క చూపిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి స్క్వాడ్‌లో ముగ్గురు స్నేహితులు కాచుకుని ఉంటారు. ఓటీటీలో ఒక ఎపిసోడ్ పూర్తి కాకముందే రెండోది మొదలవుతుంది. ఆటకు పిలిచేవారు పదిమంది, చదువుకు పిలిచేవారు ఒక్కరూ లేరు. అలాంటప్పుడు పిల్లవాణ్ణి సోమరి అని ఒక్క మాటతో తేల్చేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఇది చదివి యౌవనస్థులు సంతోషపడిపోకండి. మీతోనూ ఒక మాట ఉంది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని ప్రభువు బోధించారు (లూకా 14:28). మీ లెక్క వేద్దాం. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆరు క్రెడిట్ల పేపరుకు 180 గంటలు. 2023లో బీజీఎంఐ మళ్ళీ వచ్చినప్పుడు, 18 ఏళ్ళలోపువారికి రోజుకు మూడు గంటలని ఆ ఆటలోనే హద్దు పెట్టారు. పెద్దవారికి ఆరు గంటలు ఇచ్చారు. ఆ చిన్నపిల్లల హద్దులోనే ఆడినా 60 రోజులకు 180 గంటలు, అంటే ఒక పేపరు. ఐపీఎల్ 74 మ్యాచ్‌లు మూడున్నర గంటల చొప్పున వదలకుండా చూస్తే 259 గంటలు. అది అయిపోయేసరికి పరీక్షలు వాకిట్లో ఉంటాయి.

ఆడిన ప్రతి గంటా చదువు గంట అయ్యేదని మేము అనడం లేదు. పగలంతా కష్టపడిన ఒంటికి విశ్రాంతి కావాలి, నవ్వు కావాలి. దేవుడు యెరూషలేమును మళ్ళీ నిలబెడతానని వాగ్దానం చేసినప్పుడు, ఆ పట్టణపు వీధుల్లో మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటూ ఉంటారని చెప్పాడు (జెకర్యా 8:5). ఆట ఆయన ఆశీర్వాదంలో భాగమే. కాబట్టి ఫోనులో ఆట కనబడగానే సాతాను పని అనే పెద్దలు ఆ వచనం దగ్గర కాసేపు ఆగాలి. డబ్బు పందెం పెట్టి ఆడే రమ్మీ లాంటివి వేరే సంగతి. వాటిని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమే నిషేధించింది. వాటి జోలికి పోవద్దు.

దానియేలును చూడండి. పరాయి దేశంలో, పరాయి భాషలో మూడేళ్ళ చదువు. చుట్టూ బబులోను వైభవం. ఆ చదువును అతడు కాదనలేదు, రాజు బల్ల దగ్గర మాత్రం గీత గీసుకున్నాడు. ఆ నిర్ణయం ముందే మనసులో చేసుకున్నాడు. ఇంకో సంగతి గమనించండి, అతడు ఒంటరిగా లేడు. ముగ్గురు స్నేహితులు అతనితో అదే భోజనం తిన్నారు, అదే పరీక్షకు నిలబడ్డారు. మన దూరవిద్య పిల్లలకు లేనిది ఆ ముగ్గురే.

ఆ ముగ్గురి స్థానంలో సంఘం నిలబడాలన్నది మా మాట. పరీక్షలు అయ్యేదాకా సాయంత్రం ఏడు నుండి తొమ్మిది వరకు మన మందిరం తెరిచి ఉంచుదాం. లైటు, ఫ్యాను, చాపలు ఉన్నాయి. ఏడింటికి ప్రార్థన గంటే కొడదాం. ఏ సంఘం వారైనా, ఏ మతం వారైనా వచ్చి చదువుకోవచ్చు. చదువుకున్న పెద్దలు వంతులవారీగా వచ్చి కూర్చోండి. పాఠం చెప్పనక్కరలేదు, "ఈ రోజు ఎన్ని పేజీలు అయ్యాయి?" అని అడిగితే చాలు. తొమ్మిది తర్వాత ఒక గంట ఆడుకుంటే ఎవరూ ఏమీ అనకండి.

స్టడీ సెంటర్లలో తరగతులు ఎక్కువగా ఆదివారాల్లోనే పెడతారు. ఆరాధన మానేశాడని ఆ పిల్లల గురించి చెవులు కొరుక్కోవద్దు. సాయంత్రం వారితో కలిసి మళ్ళీ ప్రార్థించుకుందాం.

దూరవిద్యలో తప్పినవారి సంగతి ఎవరికీ తెలియదు. సిగ్గుపడి ముందు పుస్తకం మూసేస్తారు, తర్వాత మందిరానికి రావడం తగ్గిస్తారు. అలా ఒక్క బిడ్డ కూడా జారిపోకూడదు. ప్రభువు మన బిడ్డల చదువునూ, వారి ఆటనూ, వారి విశ్రాంతినీ దీవించును గాక. ఆమేన్.