ఆమె చెప్పిన ఓడ

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి వచ్చిన విమానాలవి. మన చరిత్ర పుస్తకాల్లో ఆ రోజుకు దక్కింది రెండు మూడు వాక్యాలు. బాంబులు పడ్డాయి, జనం ఊరు ఖాళీ చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఆ రోజు వీధిలో గోళీలాడుతున్న పిల్లవాడు ఏం విన్నాడో, అర్ధరాత్రి నిద్రలేపి బండెక్కించిన పిల్లకు ఏమని చెప్పారో ఆ వాక్యాల్లో ఉండదు. ఆ పిల్లల్లో బతికున్నవాళ్లకు ఇప్పుడు తొంభై అటూ ఇటూ. వాళ్లను అడగడానికి మిగిలిన సమయాన్ని నెలల్లో లెక్కపెట్టుకోవాలి.

విశాఖ బాంబుల కంటే చాలా పెద్ద సంగతి అంతకు మూడు నాలుగు నెలల ముందే మొదలైంది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మన తీరప్రాంతపు పల్లెల్లో ఆ ఊరిని రంగం అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం పోయి మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు వేలల్లో ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. బాంబులు పడ్డాక ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకు, పలుకుబడి ఉన్నవాళ్లకు దొరికింది. మిగతావాళ్లు నడిచారు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టౌంగుప్ తీరానికి కొందరు, తము మీదుగా మణిపూర్‌కు కొందరు, హుకాంగ్ లోయ గుండా అస్సాంకు కొందరు. మొత్తం సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచారని అంచనా. తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి పెట్టారని కాంగ్రెస్ నాయకులు అప్పట్లోనే నిలదీశారు. దారిలో పోయినవాళ్లు పది వేలని ఒక అంచనా, యాభై వేలని మరొకటి, ఇంకా ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు. రెండు అంకెల మధ్య ఇంత ఎడం ఉందంటే చనిపోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. అలాంటి లెక్కల్లోంచి మొదట జారిపోయేది పిల్లలు.

మా నాయనమ్మ చెల్లెలు ఆ నడక నడిచింది. అప్పుడామెకు ఏడేళ్లు. మేమంతా చిన్న మామ్మ అనేవాళ్లం. యుద్ధం సంగతి చెప్పమంటే ఎప్పుడూ ఒకటే మాట: "నాకేటి తెలుసు నాయినా, సిన్నపిల్లని." ఇంట్లో పెద్దవాళ్లూ అదే అనేవారు. దానికేం తెలుసు, పసిది, అని. ఒకరోజు యుద్ధం మాట ఎత్తకుండా, దారిలో నీళ్లెలా తాగేవారని అడిగాను. లేచి లోపలికి వెళ్లి ఒక ఇత్తడి మరచెంబు తెచ్చింది. మూత లేదు. మెడ దగ్గర మరలు అరిగి నున్నబడ్డాయి. పెద్దవాళ్లకు రెండు గుక్కలు, పిల్లలకు మూడు అని వాళ్లమ్మ లెక్క పెట్టిందట. ఒక రాత్రి తను దొంగతనంగా నాలుగో గుక్క తాగిందట. మర్నాడు పొద్దున్న తమ్ముడు లేవలేదట. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎనభై రెండేళ్ల వయసులో కూడా ఆమె నమ్ముతూనే ఉంది. టౌంగుప్ దారిలో నీళ్లు దొరక్క, కలరా సోకి జనం పిట్టల్లా రాలిపోయారని పుస్తకాలు చెబుతాయి. ఒక్క గుక్క నీళ్ల కోసం ఏడేళ్ల పిల్ల డెబ్బై అయిదేళ్ల పాటు తనను తాను తప్పుపట్టుకుందన్న సంగతి ఆమె నోటి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి వస్తుంది?

పిల్లలకు యుద్ధం తెలియదన్న మాట నిజమే. వాళ్ల సాక్ష్యానికి విలువ వచ్చేదీ అందువల్లే. పెద్దవాడు యుద్ధం నుంచి బయటపడ్డాక పేపర్లు చదువుతాడు, ఏదో ఒక పక్షం వైపు మొగ్గుతాడు, సేనాపతుల పేర్లు నేర్చుకుంటాడు. తను చూసింది ఆ నేర్చుకున్నదానిలో కలిసిపోతుంది. పిల్లకు శత్రువు పేరు తెలియదు. ఎవరి చెయ్యి పట్టుకుని నడిచిందో, ఎవరు చెయ్యి వదిలేశారో తెలుసు. అమ్మ ముఖం ఎప్పుడు మారిందో తెలుసు.

ఈ సంగతిని గట్టిగా పట్టుకున్న రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్. రెండో ప్రపంచ యుద్ధంలో బెలారస్ తన జనాభాలో సుమారు నాలుగో వంతును పోగొట్టుకుంది. అప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లను నలభై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని, వాళ్ల మాటలతో 1985లో ఆమె "చివరి సాక్షులు" అనే పుస్తకం తెచ్చారు. ప్రతి సాక్ష్యం దగ్గరా పేరు, యుద్ధం నాటి వయసు, ఇప్పుడు చేస్తున్న పని. ఆ వయసుకూ ఆ పనికీ మధ్య ఒక జీవితం గడిచిపోయిందని పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. 2015లో నోబెల్ వచ్చాక ఆమె పద్ధతి మీద విమర్శలూ పెరిగాయి. ఒక కూర్పుకూ మరో కూర్పుకూ సాక్షుల మాటలు మారాయనీ, రచయిత్రి చెయ్యి ఎక్కువ పడిందనీ పరిశోధకులు చూపించారు. నా దృష్టిలో ఆ విమర్శ న్యాయమైనది. పుస్తకం గొప్పతనం దానివల్ల తగ్గదు గానీ, మొదటి రికార్డింగు ఎవరూ ముట్టుకోకుండా ఒకచోట ఉండి తీరాలన్న పాఠం మాత్రం మిగులుతుంది.

జపానులో దీనికి భిన్నంగా జరిగింది. హిరోషిమా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అరాతా ఒసాదా, తనూ అణుబాంబు బాధితుడే, బాంబు నుంచి బతికి బయటపడ్డ పిల్లల చేతే వాళ్ల అనుభవాలు రాయించారు. 1951లో 105 మంది రాతలతో పుస్తకం వచ్చింది. బాంబు పడి అప్పటికి ఆరేళ్లే. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల తన ఆరేళ్ల వయసు గురించి రాస్తే, పోయినదేమిటో ఇంకా పూర్తిగా తెలియని గొంతు వినిపిస్తుంది. యాభై ఏళ్ల మనిషి మాట్లాడితే ఆ గొంతులో ఇద్దరుంటారు. అప్పటి పిల్ల ఒకరు. తనూ పిల్లల్ని కని, ఆ వయసు పిల్ల ఎంత చిన్నదో చూసి తెలుసుకున్న తల్లి ఇంకొకరు. ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో కనిపెట్టడమే వినేవాడి పని. చిన్న మామ్మ నాలుగో గుక్క సంగతి పిల్ల చెప్పింది. తర్వాత కాసేపాగి, "మాయమ్మకి మాత్రం తెలీదేటి, తెలిసే ఊరుకుంది" అన్నది తల్లి.

బోస్నియాలోని సరయెవోలో మరో దారి తొక్కారు. 1992 నుంచి 1996 దాకా సాగిన ముట్టడిలో పెరిగిన ఒక యువకుడు, యస్మింకో హలిలోవిచ్, 2010లో తన తరం వాళ్లను ఒకటే ప్రశ్న అడిగాడు. యుద్ధంలో బాల్యమంటే నీకు ఏమిటి? వెయ్యికి పైగా జవాబులు వచ్చాయి. అవి పుస్తకమయ్యాయి, 2017లో మ్యూజియమూ తెరిచారు. అక్కడ ఉండేవి పిల్లలు దాచుకున్న బొమ్మలు, బట్టలు, డైరీల లాంటివి. ఒక్కో వస్తువుకు దాని సొంతదారు చెప్పిన కథ తోడు. వస్తువు ముందుంటే నోరు పెగులుతుంది. మరచెంబు చూశాక నాకు ఆ సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మౌఖిక చరిత్రను కొట్టిపారేసేవాళ్లు మొదట ఎత్తే అభ్యంతరం, ముసలివాళ్ల జ్ఞాపకం తప్పులతడక అని. తప్పులు ఉంటాయి. ఇటలీలో టెర్ని అనే ఉక్కు కర్మాగారాల ఊళ్లో 1949లో నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లుయిజీ ట్రస్తుల్లి అనే యువ కార్మికుణ్ణి పోలీసులు చంపారు. దశాబ్దాల తర్వాత చరిత్రకారుడు అలెస్సాంద్రో పోర్తెల్లి ఆ ఊరివాళ్లను కదిపితే, చాలామంది ఆ చావు 1953లో, వేలాది మందిని పనిలోంచి తీసేసినప్పటి గొడవల్లో జరిగిందని చెప్పారు. పోర్తెల్లి దాన్ని దిద్ది పక్కన పెట్టలేదు. ఇంతమంది ఒకే రకంగా ఎందుకు తప్పు చెబుతున్నారని ఆలోచించాడు. తమ మనిషి చచ్చిపోతే ఏమీ చేయలేక ఊరుకున్నామన్న అవమానాన్ని ఆ ఊరు మోయలేకపోయింది. అందుకే ఆ చావును తాము వీధుల్లో తిరగబడ్డ సంవత్సరానికి జరుపుకుంది.

చిన్న మామ్మ కథలోనూ అలాంటిది ఒకటి ఉంది. ప్రతిసారీ ఆమె కథ ఒకే మాటతో ముగిసేది: "ఓడ దిగి బండెక్కినాం." మా ఇంట్లో అందరికీ తెలుసు, వాళ్లు ఓడలో రాలేదు, నడిచి వచ్చారు. పోర్తెల్లిని చదివాక నాకొక జవాబు దొరికిందనుకున్నాను. రంగం నుంచి ఓడలో దిగినవాళ్లు పెట్టెలతో, పట్టుచీరలతో దిగేవారు. నడిచి వచ్చినవాళ్లు కట్టుబట్టలతో వచ్చి బంధువుల వాకిట్లో నిలబడ్డారు. ఇంటి పరువు కాపాడ్డానికి ఆమె ఆ నడక చివర ఒక ఓడను చేర్చుకుందని తీర్మానించుకున్నాను. చాలా కాలం ఆ వివరణ నాకు బాగా నచ్చింది.

పిల్లల జ్ఞాపకాలను సేకరించే ఈ పని తెలంగాణలో ఇంకా కష్టం, ఇంకా అవసరం. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లు జరిపిన ఊచకోత చూసిన పిల్లలున్నారు. ఆ మరుసటి నెల హైదరాబాద్ సంస్థానం మీద భారత సైనిక చర్య జరిగాక తండ్రులను పోగొట్టుకున్న ముస్లిం పిల్లలూ ఉన్నారు. ఆ మరణాలు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది, ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఏటా సెప్టెంబర్ 17 వస్తే విమోచనమా విలీనమా అని పార్టీలు గొంతు చించుకుంటాయి. ఆ రోజుల్లో గాదెలో దాక్కున్న ఆరేళ్ల పిల్ల జ్ఞాపకం ఏ పార్టీ సభకూ పనికిరాదు. అందుకే అడిగేవాడు లేడు. తెలుగులో మౌఖిక చరిత్రకు దారి లేదనడానికీ వీల్లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో వచ్చిన గొప్ప పుస్తకం. అడవిలో దళంతో ఉండటానికి కన్నబిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి వేదన ఉంది అందులో. తల్లి మాట మన దగ్గరుంది. అలా చేతులు మారిన బిడ్డల మాట లేదు.

ఈ పనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఎం.ఏ. చరిత్ర విద్యార్థులు ఒక్కొక్కరు ఒక పెద్దమనిషి దగ్గర నాలుగు పూటలు కూర్చుంటే చాలు. యుద్ధం వల్ల తానే ఊరు మారాల్సి వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ముందు నిలబడితే ఇంకా బాగుంటుంది. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది, 1960లలో బర్మాలో నెవిన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక తిరిగి వచ్చినవాళ్లు కుదురుకున్న చోటు. 1942లో బర్మాలోనే చిక్కుకుపోయి జపాను పాలన చూసిన కుటుంబాల సంగతులు ఇలాంటి చోట్లే దొరుకుతాయి. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజుల్లో కిటికీలకు నల్ల కాగితాలు అంటించిన విశాఖ పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయంతే, వాళ్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు. తొంభై దగ్గర ఉన్నవాళ్ల దగ్గరకు మాత్రం ఈ వారమే వెళ్లాలి. హిరోషిమాలో బాధితుల కథలను నేర్చుకుని వాళ్ల బదులు చెప్పే వారసులకు 2012 నుంచి శిక్షణ ఇస్తున్నారు. మంచి పనే. అయినా వారసుడిని ఎదురు ప్రశ్న అడగలేం.

వెళ్లినవాళ్లు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరినప్పుడు అడగకూడదు. పక్కనున్న కొడుకో కోడలో అందుకుని చెప్పేస్తారు, పెద్దావిడ తలూపుతుంది. ఆవిడ "నేదు" అంటే రాసేటప్పుడు "లేదు" అని దిద్దకూడదు. ఏడుపు వచ్చినప్పుడు రికార్డింగు ఆపమంటే ఆపాలి, ఆపాక లేచి వెళ్లిపోకూడదు, ఆ రాత్రి ఆమె ఒంటరిగా పడుకోకుండా చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వింటున్నప్పుడు సరిదిద్దకూడదు. తేదీలూ దారులూ తర్వాత సరిచూసుకోవచ్చు. ఈ చివరిది నేను పాటించలేదు.

చిన్న మామ్మ పోయాక టౌంగుప్ దారి గురించి శ్రద్ధగా చదివాను. కొండలు దాటి తీరం చేరినవాళ్లు అక్కడితో ఆగలేదు. పడవల మీద అక్యాబ్ చేరారు, అక్కడి నుంచి చాలామంది ఓడల్లో చిట్టగాంగ్ వెళ్లి, అక్కడ రైలెక్కారు. ఓడ దిగి బండెక్కారు. ఆమె పరువు కోసం చెప్పిందని నేను అనుకున్న ఓడ ఆ ఓడే అయి ఉండొచ్చు. కాకపోనూ వచ్చు.

నా ఫోన్‌లో ఆమె గొంతు నలభై నిమిషాలుంది. ముప్పై ఆరో నిమిషం దగ్గర ఆమె ఓడ అంటుంది. వెంటనే నా గొంతు: "ఓడ కాదు కదా మామ్మా, మీరు నడిచొచ్చారు." తర్వాత ఫ్యాను చప్పుడు, బయట ఎవరో బిందె దించిన చప్పుడు. ఆమె మెల్లగా, "అలాగా. అయితే నువ్వే సెప్పు నాయినా" అంటుంది. మిగిలిన నాలుగు నిమిషాలూ నేను అన్నం తిన్నానో లేదో అడుగుతూనే ఉంది.