అల్ప విజయమూ అనుగ్రహమే

దేహాన్ని దేవాలయంగా భావించడం మన ఆర్ష సంప్రదాయానికి కొత్త కాదు. క్రైస్తవ మతగ్రంథంలోనూ ఈ భావన ఉన్నది. కొరింథు పట్టణపు విశ్వాసులకు రాసిన మొదటి లేఖలో పౌలు, దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని, అది మనిషి సొంత సొత్తు కాదని బోధించాడు. ఆ బోధ శీలశుద్ధిని ఉద్దేశించినదే అయినా, దాని ఆధారంగానే నేడు ఎందరో క్రైస్తవులు ఆహార నియమాన్ని, వ్యాయామాన్ని ఆరాధనలో భాగంగా స్వీకరిస్తున్నారు. ఆ సాధనలో చిన్న చిన్న విజయాలను కృతజ్ఞతతో గుర్తుచేసుకోవడం ఒక నియమం. పాఠక మహాశయులారా, ఏ మతస్థులకైనా ఇది ఆలోచింపదగిన విషయం.

ఈ సాధకులు ఆదర్శంగా చెప్పుకొనేది దానియేలు కథ. బబులోను రాజు నెబుకద్నెజరు యూదా దేశం నుండి చెరపట్టి తెచ్చిన యువకులలో దానియేలు ఒకడు. రాజభోజనంతో, ద్రాక్షారసంతో తాను అపవిత్రుడు కారాదని అతడు నిశ్చయించుకున్నాడు. ఆస్థానంలో వారికి నిర్ణయించిన శిక్షణ మూడు సంవత్సరాలు. దానియేలు మాత్రం పది దినాల గడువే కోరాడు. తనకూ తన ముగ్గురు మిత్రులకూ శాకధాన్యాలు, నీరు మాత్రమే ఇచ్చి చూడమన్నాడు. పది దినాలు గడిచేసరికి వారి ముఖాలు తక్కిన వారికంటే కళకళలాడాయి. మహాసంకల్పానికి తొలి మెట్టు పది దినాల నియమమే!

ఈ కథ పేరు మీదనే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సాడిల్‌బ్యాక్ చర్చి ఒక ఆరోగ్య దీక్షను ఆరంభించింది. 2010లో ఒకనాడు వందలాది మందికి బాప్తిస్మమిస్తూ, ఒక్కొక్కరినీ నీటిలో ముంచి లేపుతున్న పాస్టర్ రిక్ వారెన్‌కు వారి స్థూలకాయమూ, తన స్థూలకాయమూ ఒక్కసారిగా మనసుకు తట్టాయి. 2011 జనవరిలో 'డేనియల్ ప్లాన్' మొదలైంది. విశ్వాసం, ఆహారం, వ్యాయామం, ఏకాగ్రత, స్నేహం దానికి పంచాంగాలు. సుమారు 15,000 మంది చేరారని, తొలి సంవత్సరంలో అందరూ కలిసి రెండున్నర లక్షల పౌన్లు, అంటే దాదాపు 1,13,000 కిలోలు తగ్గారని చర్చి వెల్లడించింది.

వినడానికి ఇది కొండంత. తలకొకరికి పంచి చూస్తే ఏడాదికి ఏడున్నర కిలోలు. వారానికి 150 గ్రాములకు లోపే, చిన్న గ్లాసెడు నీళ్ల బరువు! ఇంతేనా అని దానిని తోసిపుచ్చిన వాడు రెండవ వారంలోనే దీక్ష విడుస్తాడు. ఇంతైనా తగ్గింది కదా అని దేవునికి నమస్కరించిన వాడు మూడవ వారానికి చేరుకుంటాడు.

యూదులు చెర నుండి తిరిగివచ్చి యెరూషలేములో ఆలయానికి మళ్లీ పునాది వేసినప్పుడు, పూర్వపు ఆలయ వైభవాన్ని చూసిన వృద్ధులు బిగ్గరగా విలపించారట. తక్కినవారు సంతోషంతో కేకలు వేశారు. స్వల్పమైన ఆరంభాలను తృణీకరించవద్దని జెకర్యా ప్రవక్త ఆ కాలంలోనే హెచ్చరించాడు. దేహాలయాన్ని బాగు చేసుకొనే వారికీ ఇదే చిక్కు. పాతికేళ్లనాటి తమ రూపాన్ని తలచుకొని దుఃఖిస్తారే గాని, నేడు పడిన పునాదిరాయిని చూడరు.

బరువు తగ్గినందుకు ఆనందించడం దేహాభిమానం కాదా అని కొందరు సందేహిస్తారు. సందేహం సమంజసమే. దీనికి సమాధానం సమూయేలు ప్రవక్త నిలిపిన రాతిలో ఉన్నది. ఫిలిష్తీయులపై జయం కలిగిన తరువాత అతడు ఒక రాయి నిలిపి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు. సహాయపు రాయి అని దాని అర్థం. ఇక్కడి దాకా దేవుడే ఆదుకున్నాడని ఆ రాయి చెబుతుంది. నేను గెలిచానని చెప్పదు. వేడుకకూ అహంకారానికీ మధ్యనున్న గీత ఇదే.

కనుక వేడుక కృతజ్ఞతగా ఉండాలి. అరకిలో తగ్గిన ఆనందంలో అరకిలో మిఠాయి ఆరగిస్తే అది వేడుక కాదు, వ్రతభంగం. అలాగే విజయాన్ని కిలోలతో మాత్రమే కొలవరాదు. వయస్సు, వ్యాధి, వాడే మందులు బరువును శాసిస్తాయి. అవి పాపాలు కావు. ఆయాసం లేకుండా మెట్లెక్కడం, ఆకలి తీరగానే విస్తరి ముందు నుండి లేవడం, మంచం పట్టిన వ్యక్తి లేచి కూర్చోవడం కూడా విజయాలే. స్థూలకాయుణ్ణి చూసి భక్తిహీనుడని తలచేవాడు తాను తగ్గించుకున్న బరువును గర్వంగా మళ్లీ మోస్తున్నాడు.

ఈ ధర్మాన్ని స్వల్పంగా ఆచరించినా అది మహాభయం నుండి కాపాడుతుందని గీతాచార్యుడు నిష్కామకర్మను గురించి అన్నాడు. మండల దీక్ష పట్టేవారు నలభై ఒక్క దినాలను ఒక్కొక్కటిగానే దాటుతారు. మీ ఇంట ఎవరైనా నేడు ఆరోగ్య నియమం పట్టి ఉంటే, ఎంత తగ్గావని అడగకండి. ఈ దినం నిలబడినందుకు ఆ బిడ్డతో కలిసి భగవంతునికి ఒక నమస్కారం చేయండి. రేపటి దినాన్ని దాటే బలం అందులోనే ఉన్నది.