కారుకు సన్‌రూఫ్‌.. అవసరమా, ఆడంబరమా?

పసుపు సొమ్ముతో కొత్త కారు కొనేవారు లెక్క చూసుకోవాల్సిందే

కమ్మర్‌పల్లి: పసుపు పంట అమ్ముడుపోయి రైతు చేతికి సొమ్ము అందాక కొత్త వాహనాల కొనుగోళ్లు ఊపందుకోవడం జిల్లాలో ఏటా కనిపించేదే. గల్ఫ్‌ నుంచి సెలవుపై వచ్చిన వారు తోడైతే షోరూముల్లో సందడి మరింత పెరుగుతుంది. అయితే కారు ఎంపికకు వెళ్లిన కుటుంబాల్లో ఇప్పుడు ధర, మైలేజీ కంటే ముందుగా వినిపిస్తున్న ప్రశ్న ఒక్కటే. సన్‌రూఫ్‌ ఉందా? లేదంటే పిల్లలు మొహం ముడుచుకుంటున్నారు. పెద్దలు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు.

ఒకప్పుడు ఈ సదుపాయం ఖరీదైన కార్లకే పరిమితం. 2017 మార్చిలో వచ్చిన హోండా డబ్ల్యూఆర్‌-వీ వంటివి దాన్ని మధ్యతరగతికి చేరువ చేశాయి. మారుతీ సంస్థ 2022 జూన్‌లో విడుదల చేసిన బ్రెజాతో తన కార్లలో తొలిసారి సన్‌రూఫ్‌ అమర్చింది. 2023 జులైలో హ్యుందాయ్‌ ఎక్స్‌టర్‌ రాకతో చిన్న కార్లలోకీ దిగింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో పైకప్పులో అధిక భాగం అద్దంగా ఉండే పనోరమిక్‌ రకాన్ని సైతం అందించారు. ఆపై 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్‌ అయితే 1500 సీసీ మించని ఇంజిన్‌ ఉన్నవన్నీ ఈ కోవలోకి వచ్చాయి. అంతకు ముందు వాటిపై 28 శాతం పన్ను, దానిపై సెస్సు ఉండేవి. అలా మిగిలిన సొమ్మును ఇంటికి తీసుకెళ్లకుండా పై వేరియంట్‌కు పెట్టాలన్న కోరిక కొనుగోలుదారులకు కలగడం, షోరూముల వారు దాన్ని ప్రోత్సహించడం సహజమే.

కనిపించని ఖర్చు

సన్‌రూఫ్‌ను విడిగా అమ్మరు. దాని కోసం పై వేరియంట్‌కు వెళ్లాలి. అందులో అల్లాయ్‌ చక్రాలు, పెద్ద తెర, మరికొన్ని హంగులు కలిసే వస్తాయి. మనకు కావలసింది ఒకటైతే డబ్బు చెల్లించేది నాలుగింటికి. ఇక్కడ జీవితకాల పన్ను సంగతి చాలామంది మరచిపోతున్నారు. రాష్ట్రంలో 2022 మేలో సవరించిన రేట్ల ప్రకారం 5 లక్షల నుంచి 10 లక్షల లోపు కార్లకు 14 శాతం, 10 లక్షలు దాటితే 17 శాతం. ఆ పైతరగతికి 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు.

ఒక ఉదాహరణ చూద్దాం. సన్‌రూఫ్‌ లేని వేరియంట్‌ ధర 9.80 లక్షలు, ఉన్నది 10.40 లక్షలు అనుకుంటే తేడా 60 వేలే కదా అనిపిస్తుంది. మొదటిదానికి 14 శాతం చొప్పున జీవితకాల పన్ను రూ.1,37,200. రెండోదానికి 17 శాతమే వేసుకున్నా రూ.1,76,800. అంటే పన్నులోనే మరో 39,600. మొత్తం దాదాపు లక్ష రూపాయలు. ఈ లక్షను తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల వాయిదాల్లో చెల్లిస్తే నెలకు సుమారు 1,609 చొప్పున చివరికి తేలేది రూ.1.35 లక్షలు. ఇంట్లో ఇప్పటికే ఒక కారు ఉంటే రెండోదానిపై అదనంగా 2 శాతం పన్ను పడుతుందన్నది మరో విషయం.

ఉద్యోగికి నెలనెలా జీతం వస్తుంది గనుక వాయిదా భారం తెలియకపోవచ్చు. పసుపు రైతు పరిస్థితి వేరు. తొమ్మిది నెలలు భూమిలో ఉండే పంట. ఏడాదికి ఒక్కసారే సొమ్ము. ధరకు భరోసా లేక 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఈ జిల్లా రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచిన సంగతి దేశమంతా చూసింది. 2024 మార్చిలో నిజామాబాద్‌ యార్డులో క్వింటాలు 18 వేలు దాటిన మాటా నిజమే. 2025 జూన్‌లో పసుపు బోర్డు కార్యాలయం నిజామాబాద్‌లో ప్రారంభమైంది. అయినా రాబోయే ఏడేళ్లూ ధర ఇలాగే నిలుస్తుందని చెప్పగల నాథుడు లేడు. బ్యాంకు వాయిదా మాత్రం ధర పడినా ఆగదు.

ఎండకు అద్దం కప్పు

సన్‌రూఫ్‌ పుట్టింది చలి దేశాల్లో. అక్కడ కాస్త ఎండ తగలడమే భాగ్యం. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నిజామాబాద్‌ జిల్లాలో ఎండను వెదికి లోపలికి పిలుచుకోవాల్సిన అగత్యం ఎవరికి ఉందో అర్థం కాదు. అద్దానికి రంగు పూత, కింద పరదా ఉంటాయి. అయినా ఇనుప రేకు, దాని కింద మందపాటి పొర ఇచ్చే రక్షణ అద్దం ఇవ్వలేదు. ముఖ్యంగా పనోరమిక్‌ రకంలో పరదా పలుచని గుడ్డ అయితే వేడి నెత్తిమీదే ఉన్నట్లుంటుంది. ఏసీ ఎక్కువ శ్రమించాలి, ఆ మేరకు ఇంధనం ఖర్చవుతుంది. యంత్రాంగం అమర్చడం వల్ల లోపల తలకు, కప్పుకు మధ్య ఎడం అంగుళానికి పైగా తగ్గే వీలుంది. తలపాగా చుట్టే పెద్దాయన వెనక సీట్లో కూర్చుంటే తేడా వెంటనే తెలిసిపోతుంది.

ప్రయోజనం బొత్తిగా లేదనలేం. ఎండలో నిలిపిన కారులోని వేడిగాలి సన్‌రూఫ్‌ను వెనకవైపు కొద్దిగా పైకెత్తితే త్వరగా బయటికి పోతుంది. వెనక సీట్లలో వెలుతురు పెరుగుతుంది. కార్తీకం నుంచి మాఘం వరకు సాయంకాలాల్లో పోచంపాడు వైపు వెళ్లేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఏడాదిలో అటువంటి రోజులు ఎన్ని అన్నదే లెక్క.

దుమ్ము, వాన.. అసలు సమస్య

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సన్‌రూఫ్‌ చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపేందుకు కాదు. కొంత నీరు లోపలికి దిగుతూనే ఉంటుంది. కింద ఉన్న కాలువలాంటి పళ్లెంలో చేరి, మూలల్లోని సన్నని గొట్టాల ద్వారా కారు స్తంభాల లోపలి నుంచి కిందికి జారిపోతుంది. ఈ గొట్టాలు మూసుకుపోయిన నాడు కష్టాలు మొదలు. నీరు పైకప్పు గుడ్డలోకి, సీట్లపైకి, కాళ్ల కింది తివాచీలోకి, అక్కడి నుంచి విద్యుత్‌ తీగల్లోకి చేరుతుంది. ముక్క వాసన వచ్చే దాకా ఇంట్లో వారికి తెలియదు.

కమ్మర్‌పల్లి, మోర్తాడ్‌, బాల్కొండ ప్రాంతాల్లో ఈ గొట్టాలు మూసుకుపోవడానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. పసుపు ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్‌ పట్టే రోజుల్లో లేచే పొడి గాలిలో ఎంత దూరం పోతుందో రైతులకు చెప్పనక్కరలేదు. దానికి మట్టి రోడ్ల దుమ్ము, చెట్టు నీడన నిలిపితే రాలే వేప పూత, చింతాకు తోడు. వేసవి అంతా పేరుకున్న ఈ చెత్తపై జూన్‌లో తొలకరి పడితే గట్టి బురదే. (ఊళ్లలో కోతుల బెడద సరేసరి. రేకుపై గంతులేస్తే సొట్ట పడుతుంది, అద్దంపై వేస్తే ఏమవుతుందో కొనేవారే ఊహించుకోవాలి.) ఏటా వానలకు ముందు గొట్టాలను శుభ్రం చేయించాలి. రబ్బరును తడిగుడ్డతో తుడవాలి. గాలి యంత్రంతో గట్టిగా ఊదితే గొట్టం లోపలే ఊడిపోయే ప్రమాదం ఉన్నందున తెలిసిన మెకానిక్‌తోనే చేయించడం మేలు.

బీమా ఉంది కదా అంటారా? ప్రమాదంలో పగిలిన అద్దానికి తరుగుదల కోత లేకుండానే పరిహారం వస్తుంది. కానీ మోటారు మొరాయించడం, అరుగుదల వల్ల కలిగే లోపాలు సాధారణ బీమాలోకి రావు. వారంటీ ముగిశాక ఆ ఖర్చు యజమానిదే.

పిల్లల తలలు బయటికి..

అన్నిటికంటే ఆందోళనకరమైనది ఇది. బరాత్‌లలో పెళ్లికొడుకు, జాతీయ రహదారిపై పిల్లలు సన్‌రూఫ్‌ నుంచి తలలు బయట పెట్టి నిలబడటం మామూలైపోయింది. బోధన్‌ నుంచి నిజామాబాద్‌, ఆర్మూర్‌, కమ్మర్‌పల్లి మీదుగా జగిత్యాల వైపు సాగే 63వ నంబరు రహదారిపై లారీలు, ట్రాక్టర్లు, ఒక్కసారిగా అడ్డొచ్చే పశువులు ఎక్కువ. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలబడిన పిల్లవాడి ఛాతీ కప్పు అంచుకు కొట్టుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం మరో ముప్పు. నైలాన్‌, గాజు పూత దారాలను జాతీయ హరిత ట్రైబ్యునల్‌ 2017లోనే నిషేధించినా వాటి బెడద పూర్తిగా పోలేదు.

మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా. దుబాయ్‌లో పనిచేసి వచ్చిన వారికి అక్కడి కట్టుబాటు గుర్తుండే ఉంటుంది. నడుస్తున్న కారు కిటికీ, సన్‌రూఫ్‌ల నుంచి బయటికి వంగితే రెండు వేల దిర్హమ్‌ల జరిమానా, డ్రైవరుకు 23 బ్లాక్‌ పాయింట్లు, వాహనం జప్తు. అక్కడ భయంతో పాటించినది ఇక్కడ ఎందుకు మరుస్తామో తెలియదు.

తర్వాత పెట్టించుకోవచ్చా?

ఇప్పుడు తక్కువ వేరియంట్‌ కొని, ధర బాగా పలికిన ఏడాది బయట కప్పు కోయించి సన్‌రూఫ్‌ పెట్టించుకుంటామనేవారూ ఉన్నారు. ఆ ఆలోచన మానుకోవాలి. చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పునకు ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బీమా క్లెయిము తిరస్కరించే అవకాశమూ ఉంది. కాబట్టి నిర్ణయం బుకింగ్‌ నాడే జరగాలి.

పంటపై ఆధారపడి, కారును పొలానికీ యార్డుకూ తిప్పి, చెట్టు కింద నిలిపే ఇంటికి సన్‌రూఫ్‌ తగినది కాదు. ఆ లక్షను ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనక సీటు మధ్యలోనూ మూడు బిందువుల బెల్టు, మంచి టైర్లు ఉన్న కారుకు వెచ్చించడం లేదా అప్పు తగ్గించుకోవడం ఉపయోగకరం. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన భారత్‌ ఎన్‌క్యాప్‌ నక్షత్రాలు చూసి ఎంచుకునే వీలు ఇప్పుడుంది. జీతం నికరంగా వస్తూ, నీడపట్టున షెడ్డు ఉండి, 10 లక్షల గీత దాటకుండానే సన్‌రూఫ్‌ దొరికితే తీసుకోవడంలో తప్పు పట్టాల్సింది లేదు. అప్పుడు కూడా పనోరమిక్‌ కంటే చిన్నదే నయం.

తీసుకునేవారు డెలివరీ రోజున పూజకు ముందే ఒక పని చేయాలి. సన్‌రూఫ్‌ మూసి, షోరూములోనే పైపుతో ఐదు నిమిషాలు నీళ్లు పోయించాలి. ఆపై లోపల పైకప్పు గుడ్డ మూలలను, ముందు సీట్ల కింది తివాచీని చేత్తో తడిమి, చక్రాల దగ్గర నీరు కారుతున్నదో లేదో చూసుకున్నాకే తాళాలు అందుకోవాలి.