ఒక్క గోలుతో గురువును తూచవచ్చునా?

కాలేజీ జట్టు ఒక్క గోలు తేడాతో ఓడినప్పుడు కోచ్ సామర్థ్యమును శంకించుట, అదే తేడాతో గెలిచినప్పుడు ఆయన మెడలో పూలమాల వేయుట మనకు అలవాటైనది. “హోరాహోరీ ఆటలలో ఎన్ని గెలిపించినాడు?” అను ఒక్క ప్రశ్నతో శిక్షకుని తూచుట న్యాయము కాదని మేము భావించుచున్నాము.

ఇందుకు సాక్ష్యము మన తెలుగునాటనే కలదు. హైదరాబాదున ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చి భారత ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి చరిత్రను చూడుడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌పై 1-0. 1962లో జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1. రెండు స్వర్ణ పతకములును ఒక్కొక్క గోలు తేడాతో లభించినవే. కాని ఆ ఫైనల్‌కు కొద్ది దినముల ముందు అదే కొరియా చేతిలో మన జట్టు 0-2తో ఓడినది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 1-2తో ఓడినది. రోమ్‌లో అసమర్థుడైన గురువు జకార్తాలో సమర్థుడైనాడా?

ఆయన పనితనము వేరొకచోట కనబడును. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మన ఓటమి 1-10. 1956లో మెల్బోర్న్‌లో అదే యుగోస్లావియాతో 1-4. ఆ ఒలింపిక్స్‌లో మనకు నాల్గవ స్థానము. 1960లో ఫ్రాన్సుతో 1-1. బలవంతులతో గల అంతరమును ఒక్క గోలు వరకు తగ్గించుటయే గురువు చేయగల పని. ఆ ఒక్క గోలు ఎవరిదో నిర్ణయించుటలో అదృష్టమునకును పాలు కలదు.

క్లిష్ట సమయమున కోచ్ తెలివి బయటపడునని కొందరందురు. నిజమే. జకార్తాలో తలకు గాయమైన రక్షక ఆటగాడు జర్నైల్ సింగును రహీం గారు ముందు వరుసలో ఆడించగా, అతడు ఫైనల్‌లో గోలు చేసినాడు. కాని ఆ బంతి జానెడు పక్కకు పోయియుండిన, ఆ నిర్ణయము తెలివితక్కువది అగునా?

మన ఆగిరిపల్లి తోటలలో కోతకు ముందు ఒక్క గాలివానకు కాయ నేలరాలును. ఆ ఒక్క రాత్రిని బట్టి రైతును ఎవరును నిందింపరు. చెట్టును, పాదును, కొన్నేండ్ల కాపును చూతురు.

కావున కాలేజీ కమిటీ వారికి మా మనవి: కోచ్‌ను ఉంచవలెనా, మార్చవలెనా అని యోచించునపుడు చివరి నిమిషపు గోళ్లను లెక్కింపకుడు. మూడేండ్లలో ఎందరు కొత్తవారు ఆట నేర్చినారు, పెద్ద జట్లతో తేడా ఎంత తగ్గినది, మైదానమునకు ప్రతి సాయంకాలము ఎందరు వచ్చుచున్నారు అని విచారింపుడు. విద్యార్థి మిత్రులారా, ఓడిన రోజున గురువు పక్కన నిలుచుట మన వంతు.