ఇరవై నాలుగు గంటల నొప్పి



గత నెల వచ్చిన ఉత్తరాలలో ఒక సహోదరి ఉత్తరం మమ్మల్ని ఎంతో ఆలోచింపజేసింది. నాట్ల రోజుల్లో ఆమె భర్తకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకొని వాము నీళ్లు తాగించారు. తెల్లవారేసరికి నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్తే స్కానింగు తీసి, "స్పష్టంగా ఏమీ కనబడలేదు, అయినా ఒక రోజు ఉంచండి, మళ్లీ చూస్తాం" అన్నారట. ఏమీ లేనప్పుడు బిల్లు కోసమే ఉంచుతున్నారనుకొని వీరు ఇంటికి వచ్చేశారు. మూడవ రోజు కడుపు చెక్కలా బిగిసింది. అపెండిక్స్ పగిలి, పెద్ద ఆపరేషన్ అయింది. "ఆ ఒక్క రోజు ఉండటం నిజంగా అవసరమా?" అని ఆమె అడిగారు.

అవసరమే. ఎందుకో చెబుతాము.

పెద్దపేగు మొదట్లో కుడివైపున వేలాడే సన్నని గొట్టమే అపెండిక్స్. దాని నోరు మూసుకుపోతే లోపల వాచి చీము పడుతుంది. మొదట్లో నొప్పి బొడ్డు దగ్గర, ఇదీ చోటని చెప్పలేనట్లు ఉంటుంది. వాపు కడుపు లోపలి పొరకు తగిలాక కుడివైపు కింద వేలు పెట్టి చూపించగలం. ఈ చోటును 1889లో అమెరికా సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ వివరించారు.

ఏ ఒక్క పరీక్షా దీనిని తేల్చి చెప్పలేదు గనుక డాక్టర్లు అన్నీ కలిపి చూస్తారు. 1986లో అల్వరాడో అనే డాక్టరు పది మార్కుల పద్ధతి చెప్పారు. నొప్పి చోటు మారడం, ఆకలి పోవడం, వికారం లేక వాంతి, జ్వరం, నొక్కి వదలగానే కలుక్కుమనడం - వీటికి ఒక్కొక్క మార్కు. కుడివైపు కింద నొక్కితే నొప్పి, రక్తంలో తెల్లకణాలు పెరగడం - వీటికి రెండేసి. ఆ కణాలలో న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే మరొకటి. ఏడు గానీ అంతకు మించి గానీ ఉంటే అనుమానం బలమైనది. నాలుగు లోపైతే తక్కువ. మధ్యలో ఉన్నవారినే ఉంచి, కొన్ని గంటలకొకసారి కడుపు నొక్కి చూస్తారు, రక్తం మళ్లీ పరీక్షిస్తారు. జబ్బు ముదురుతుంటే ఆ గంటల్లోనే బయటపడుతుంది.

మామూలు స్కానింగులో పేగుల్లోని గాలి, ఒంటి కొవ్వు అపెండిక్స్‌ను కనబడనీయకపోవచ్చు. కనబడలేదంటే జబ్బు లేదని కాదు. సి.టి. స్కాన్ ఇంకా బాగా చూపుతుంది. మూత్రపరీక్ష రాళ్లను, ఇన్ఫెక్షన్‌ను గుర్తించడానికి. పిల్లలు పుట్టే వయసు స్త్రీలకు గర్భపరీక్ష కూడా చేస్తారు. గర్భం ట్యూబులో నిలిచినా ఇలాంటి నొప్పే వస్తుంది, అదీ ప్రాణాపాయమే. సిగ్గుపడి నెల తప్పిన సంగతి దాచవద్దు. ముసలివారిలో జ్వరం, నొప్పి కొద్దిగానే ఉండవచ్చు గనుక వారి విషయంలో మరింత జాగ్రత్త.

ఈ జబ్బు రాజులనూ ఆపింది. 1902 జూన్ 24న, పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు, ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డుకు ఇందుకే ఆపరేషన్ చేశారు. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది.

మన పల్లెల్లో దీనిని ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. ఆ పేరు విని ఒక రోజు ఓర్చుకుంటే పోతుందని అనుకోవద్దు. ఆలస్యమైనకొద్దీ పగిలే ప్రమాదం పెరుగుతుంది. బాగా ఉన్న నొప్పి ఒక్కసారి తగ్గి, తరువాత కడుపంతా పాకితే పగిలిందేమోనని అనుమానించాలి.

అనుమానం ఉంటే అన్నం, నీళ్లు ఆపండి. ఆముదం, విరేచనాల మందు, ఎనిమా ఇవ్వవద్దు. కడుపు తోమవద్దు, వేడినీళ్ల కాపడం పెట్టవద్దు. 108కి ఫోను చేయండి. ఆస్పత్రిలో నొప్పికి ఇంజక్షన్ ఇస్తే జబ్బు కప్పబడిపోతుందని భయపడనక్కరలేదు. తరువాత కూడా డాక్టర్లు గుర్తుపట్టగలరు.

సహోదరీ, మీరు తెలిసి చేసిన తప్పు కాదిది, మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. డాక్టరు ఉండమన్నప్పుడు, "దేని కోసం చూస్తున్నారండీ?" అని అడిగే హక్కు మీకుంది. ఈసారి ఎవరికైనా అలా చెబితే, ఆ మాట అడిగించండి. జవాబు విన్నాక ఆ ఒక్క రాత్రి అక్కడే ఉండమని చెప్పండి.