మఫ్టీ అంటే తళుకుల గౌనా?

మధ్యాహ్నం పూట టీవీలో వేసే చవక క్రైమ్ సినిమాలు మీరూ చూసే ఉంటారు. ముఠాను పట్టుకోవడానికి ముగ్గురు లేడీ పోలీసుల్ని మారువేషంలో పంపిస్తాడు పై ఆఫీసరు. ఆ వేషం ఎప్పుడూ ఒకటే, క్లబ్బులో డాన్సరు. కూరలమ్మే మనిషిగానో, నర్సుగానో ఎందుకు వెళ్ళకూడదు? వెళితే పాట పెట్టడం కుదరదు కదా!

"బడ్జెట్ లేదు, ఏం చేస్తారు పాపం" అంటారు. నేనొప్పుకోను. నేత చీర కంటే తళుకుల గౌనుకే ఖర్చెక్కువ. వాళ్ళకి లేనిది డబ్బు కాదు, ఆలోచన. "ఆడ పోలీసును గౌరవంగా చూపిస్తే ఎవరు చూస్తారు?" అనే వాళ్ళకి 1990లోనే 'కర్తవ్యం' జవాబు చెప్పింది. ఖాకీ బట్టల్లో నిలబడ్డ విజయశాంతిని జనం నెత్తిన పెట్టుకున్నారు. జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. 1993లో 'పోలీస్ లాకప్'లో ఆవిడే పోలీసు అధికారి, ఆవిడే అమాయకపు ఇల్లాలు. ఇద్దరిదీ ఒకే ముఖం!

నిజం మఫ్టీ కూడా అలాగే ఉంటుంది. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో షీ టీమ్స్ మొదలయ్యాయి. మామూలు బట్టల్లో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర నిలబడి, వేధించేవాళ్ళను వీడియో సాక్ష్యంతో సహా పట్టుకుంటారు. మా తార్నాకలో బస్సు కోసం నిలబడ్డ పదిమంది ఆడవాళ్ళలో పోలీసెవరో చెప్పగలరా? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచే చుడీదారు అమ్మాయిల్లో? చెప్పలేరు. అదే ఆవిడ బలం. సినిమాలో మాత్రం వీధి చివరి నుంచే తెలిసిపోతుంది!

నా కోపం బట్టల మీద కాదు, ఎవరి బట్టలు వాళ్ళిష్టం. నా కోపం కెమెరా మీద. వెకిలి చూపులు చూసేవాణ్ణి పట్టుకునే కథలో, వాడి కంటే ముందు కెమెరాయే ఆ చూపు చూస్తుంది. విలన్‌ని చివర్లో తంతారు. మరి ఆ కెమెరానో?

"టైంపాస్ సినిమాకి ఇంత రాద్ధాంతమా?" అనకండి. మన అబ్బాయిలు అన్నం తింటూ చూసేది ఇదే. షీ టీమ్స్‌కి దొరికిన కుర్రాళ్ళ కౌన్సెలింగుకి ఇంట్లోవాళ్ళనీ పిలుస్తారు. "మావాడు అలాంటివాడు కాదండీ" అనే తల్లి మనలో ఎవరైనా కావచ్చు. అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి? ఛానెల్ మార్చేసి ఊరుకోకుండా, "నువ్వే డైరెక్టరువైతే ఈ పోలీసమ్మని ఏ వేషంలో పంపేవాడివిరా?" అని అడగండి. వాడేం చెబుతాడో వినండి.

ఆడపిల్లలకి మాత్రం "మనకెందుకే గొడవ" అని నేర్పకండి. 100కి ఫోన్ చెయ్యమని చెప్పండి. మామూలు బట్టల్లో ఆ పోలీసమ్మ ఎండలో నిలబడేది వాళ్ళ కోసమే.